గ్రామ అభివృద్ధి కమిటీ (నిజామాబాదు జిల్లా)

గ్రామ అభివృద్ధి కమిటీ (వాడుకలో వీడీసీ) తెలంగాణ రాష్ట్రంలోని నిజామాబాదు జిల్లాలో, ముఖ్యంగా పసుపు, ఎర్రజొన్న పంటలకు పేరుపొందిన ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల గ్రామాలలో కనిపించే అనధికార సంఘం. చట్టరీత్యా దీనికి ఏ అధికారమూ లేదు. అయినా తగవులు తీర్చడం, దండుగ విధించడం, మాట విననివారిని ఊరినుండి వెలివేయడం వంటి పనులు చేస్తున్నది.

'''ఏర్పాటు, ఆదాయం'''

సభ్యులను సాధారణంగా కులానికి ఒకరిద్దరు చొప్పున కులపెద్దలే ఎంచుతారు. పంచాయతీలకు 73వ రాజ్యాంగ సవరణ (1992) ద్వారా లభించిన మహిళా, ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు వీటికి వర్తించవు. అన్ని కులాలకు చోటున్నా భూమి గల కులాల మాటే చెల్లుతుందన్నది ప్రధాన విమర్శ. బెల్టు షాపులు, ఇసుక వంటివాటి వేలం, దండుగలు ముఖ్య ఆదాయ మార్గాలు. (బెల్టు షాపే చట్టవిరుద్ధం, దాని వేలం సంగతి చెప్పనక్కరలేదు.) ఈ సొమ్ముతో గుడులు, ఇతర ఉమ్మడి పనులు సాగుతాయి గనుక ఊళ్ళో మద్దతు కూడా ఉంది.

దండుగ ఆదాయమార్గమైతే దాని భారం బలహీనులపై పడటం ఇక్కడికే పరిమితం కాదు. అమెరికాలోని ఫెర్గూసన్ నగరంలో 2014లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడు పోలీసు కాల్పుల్లో మరణించిన తరువాత, ఆ దేశ న్యాయశాఖ 2015 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. పోలీసులు జరిమానాలను నగర ఖజానాకు రాబడిగా చూశారనీ, జనాభాలో 67 శాతమున్న నల్లజాతివారు అరెస్టులలో 93 శాతమనీ అందులో తేలింది. అక్కడ కోర్టు పుస్తకాలుండటం వల్ల లెక్క దొరికింది.

'''బహిష్కరణ'''

వెలివేసిన కుటుంబానికి కిరాణా సరుకు అమ్మరాదు, కూలికి పిలువరాదు, శుభాశుభాలకు పోరాదు. ధిక్కరించినవారికీ దండుగే. దళితులతో పాటు గౌడ, ఇతర వెనుకబడిన కులాలవారూ బాధితులయ్యారు. పసుపు తవ్వడానికి, ఉడికించడానికి కూలీలు ఎక్కువగా కావాలి. రైతు పొరుగూరి నుండి వారిని రప్పించుకోగలడు. రోజుకూలికి మాత్రం ఆ సీజను పోతే ఏడాది సంపాదనకే గండి.

'''చట్టం'''

2016 జనవరి 26న అమలులోకి వచ్చిన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989) సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా పేర్కొన్నది. దర్యాప్తు చేసేది డీఎస్పీకి తగ్గని అధికారి. వెనుకబడిన కులాల బాధితులకు ఈ చట్టం వర్తించదు. మహారాష్ట్ర 2016లో చేసిన సాంఘిక బహిష్కరణ చట్టానికి కులపరిమితి లేదు.

వెలి నోటిమాటగానే జరుగుతుంది, కాగితం ఉండదు. సాక్షులుగా రావలసింది ఆ ఊరివారే. అందువల్ల ఠాణాకు చేరిన ఫిర్యాదులు కూడా తరచు ఇరువర్గాలను పిలిపించి చేసే రాజీతో ముగుస్తుంటాయి.