బాపు బొమ్మ: శుభలేఖపై వేసుకోవచ్చా? 2074 దాకా హక్కులు ఎవరివి?

చల్లపల్లి (కృష్ణా జిల్లా): పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే డీటీపీ సెంటర్లలో ఎక్కువగా వినిపించే మాట ‘బాపు బొమ్మ వేసివ్వండి’. నెట్‌లో దొరికిన బొమ్మ డౌన్‌లోడ్ చేసి, పేర్లు మార్చి ప్రింట్ కొట్టేయడమే. మరి అది ఎవరి సొమ్ము?

వాలుజడ, పెద్ద కళ్లు, కుదురుగా కట్టిన చీర. అందమైన అమ్మాయి కనిపిస్తే తెలుగువాళ్లు ‘బాపు బొమ్మ’ అనేస్తారు. 2013లో వచ్చిన ‘అత్తారింటికి దారేది’ సినిమాలో ఈ మాట మీద ఓ పాటే ఉంది. ఒక కమర్షియల్ ఆర్టిస్ట్ పేరు అందానికి పర్యాయపదం కావడం చిన్న విషయం కాదు.

బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబర్ 15న నరసాపురంలో పుట్టారు. చదివింది లా. చేసింది మాత్రం బొమ్మల ఉద్యోగం. ఆంధ్రపత్రికలో కార్టూన్లు, యాడ్ ఏజెన్సీ పని, వారపత్రికల కథలకు బొమ్మలు, విజయవాడ నవోదయ పబ్లిషర్స్ పుస్తకాలకు కవర్ పేజీలు... అన్నీ డెడ్‌లైన్ పనులే. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’కు రూపం ఇచ్చిందీ ఆయనే. సినిమాలు 1967లో ‘సాక్షి’తో మొదలయ్యాయి. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు.

ఆయన గీత అంత పొదుపుగా ఎందుకుంటుంది? ప్రతిభ ఒక్కటే కాదు, అప్పటి ప్రింటింగ్ కూడా కారణమే. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద షేడింగ్ మసకబారిపోయేది. నల్ల ఇంకుతో గీసిన గీతైతే బ్లాకులో చక్కగా పడేది. అందుకే నాలుగు గీతల్లోనే నడుము వంపు, చూపులో కొంటెతనం తేవాలి. అది బాపుకి బాగా పట్టుబడింది.

అమెరికాలో ఇలాంటి బొమ్మల్ని ‘పిన్-అప్’ అంటారు. గోడకి పిన్ను పెట్టి తగిలించుకునేవి అన్నమాట. అక్కడ ఆల్బెర్టో వర్గాస్ 1940 నుంచి ‘ఎస్క్వైర్’ మ్యాగజైన్‌కి ‘వర్గా గర్ల్’ బొమ్మలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు వాటిని తెగ అంటించుకున్నారు. తర్వాత మ్యాగజైన్‌తో చెడింది, వర్గాస్ కోర్టుకెక్కారు. 1947లో అప్పీల్ కోర్టు తేల్చిందేంటంటే, సంతకం పెట్టిన కాంట్రాక్టు ప్రకారం బొమ్మలే కాదు, ‘వర్గా’ అనే పేరు కూడా మ్యాగజైన్‌దే! గీసిన చేతికి తన పేరే దక్కలేదు.

మన చట్టం ఆర్టిస్టు విషయంలో కాస్త నయం. పత్రికలో ఉద్యోగం చేస్తూ వేసిన బొమ్మైనా, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, పత్రికల్లో అచ్చు వేసుకునే హక్కే యజమానిది. మిగతా వాడకాలపై హక్కు ఆర్టిస్టుదే. ఆయన పోయాక, మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు వారసులకు ఉంటుంది. అంటే ఆయన బతికుండగా అచ్చైన బొమ్మలకు 2074 డిసెంబర్ 31 వరకు. చందమామ కవర్లతో మెప్పించిన వడ్డాది పాపయ్య 1992లో పోయారు కాబట్టి, ఆ లెక్క 2052 దాకా.

అయితే శైలి మీద కాపీరైట్ ఉండదు. బాపు తరహాలో వాలుజడ అమ్మాయిని ఎవరైనా కొత్తగా గీసుకోవచ్చు. ఆయన గీసిన బొమ్మనే స్కాన్ చేసి అమ్మితే మాత్రం అనుమతి తీసుకోవాల్సిందే. శుభలేఖ ప్రింట్ చేసేవాళ్లు ఊళ్లోని ఆర్టిస్టుతోనే ఓ బొమ్మ వేయించుకుంటే ఈ చిక్కు ఉండదు, ఆయనకీ నాలుగు డబ్బులొస్తాయి.