ఒక సర్వర్, రెండు నెట్‌వర్క్‌లు: గేట్‌వే మాత్రం ఒక్కటే!

ఆలూరులో ఒక విత్తనాల షాపు ఉందనుకుందాం. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్, నాలుగు సీసీ కెమెరాలు, రికార్డింగుల కోసం ఉబుంటు వేసిన పాత డెస్క్‌టాప్. ఓనర్ ఆదోని వెళ్ళినా ఫోన్‌లో వీడియో చూడాలి. కానీ కెమెరాలు నేరుగా ఇంటర్నెట్‌కి దొరక్కూడదు.

ఎందుకంత జాగ్రత్త? 2016లో మిరాయ్ మాల్వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లనే పట్టుకుంది. అక్టోబర్ 21న వాటితో డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద దాడి జరిగితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి ఓపెన్ కాలేదు.

దీనికి సింపుల్ దారి, ఆ డెస్క్‌టాప్‌కి రెండో నెట్‌వర్క్ కార్డు. ఒకటి ఫైబర్ రౌటర్‌కి, ఇంకొకటి కెమెరాల స్విచ్‌కి. ఆ స్విచ్ నుంచి రౌటర్‌కి వైరు ఉండకూడదు.

సెట్టింగ్స్ ఇలా

1. సబ్‌నెట్‌లు వేరుగా ఉండాలి. రౌటర్ వైపు 192.168.1.10, కెమెరాల వైపు 192.168.50.1 అనుకోండి. రెండూ ఒకే సబ్‌నెట్ అయితే ఒక కార్డుకి వచ్చిన రిక్వెస్ట్‌కి జవాబు ఇంకో కార్డు నుంచి పోవచ్చు.

2. గేట్‌వే రౌటర్ వైపు కార్డుకే ఇవ్వండి. గేట్‌వే అంటే 'తెలియని అడ్రస్‌లన్నీ ఇటు పంపు' అని చెప్పడం. రెండింటికీ ఇస్తే మెట్రిక్ తక్కువున్నదే గెలుస్తుంది. అది కెమెరాల వైపుదైతే కార్డు లైట్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం రాదు. ఐపీ రూట్ కమాండ్ కొడితే డీఫాల్ట్ లైన్ ఒక్కటే కనిపించాలి.

3. ఐపీ ఫార్వర్డింగ్ ఆఫ్‌లో ఉండాలి. ఉబుంటులో మామూలుగా ఆఫే. డాకర్ వేస్తే అది ఆన్ చేస్తుంది కాబట్టి, రెండు కార్డుల మధ్య ట్రాఫిక్‌ని ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేయండి.

4. నెట్ లేని కెమెరాల గడియారం మెల్లగా తప్పుతుంది. దొంగతనం జరిగిన రోజు వీడియోలో టైమ్ తప్పుంటే చిక్కే. సర్వర్‌లో క్రోనీ పెట్టి, కెమెరాల ఎన్‌టీపీ అడ్రస్‌గా 192.168.50.1 ఇవ్వండి.

ఫోన్‌లో చూడ్డానికి పోర్ట్ ఫార్వర్డింగ్ వద్దు. సర్వర్‌లో టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ చాలు.

ఎవరికి అవసరం?

ఇంట్లో ఒక్క కెమెరా ఉంటే ఇంత హంగామా అక్కర్లేదు. పాస్‌వర్డ్ మార్చి, అప్‌డేట్ చేసి, రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపేయండి. షాపు, స్కూలు, గోడౌన్ అయితే మాత్రం రెండో కార్డు పెట్టాల్సిందే. ఒక్క విషయం గుర్తుంచుకోండి: రెండు నెట్‌వర్క్‌లకీ తలుపు ఇప్పుడు ఆ సర్వరే. దాని అప్‌డేట్లు ఆపితే ఈ కష్టమంతా వేస్ట్.