ఏసీ కొన్నాం సరే, లోడు మాటేమిటి?

మార్కాపురం ఎండల గురించి కొత్తగా చెప్పాల్సిందేముంది! పలకల ఊరని పేరే గానీ వేసవి వచ్చిందంటే ఊరు మొత్తం కాలిన పెనమే. అటు కంభం, గిద్దలూరు, ఇటు తర్లుపాడు, దోర్నాల... ఎక్కడైనా ఇదే వరస. 45 డిగ్రీలు దాటిన రోజులూ చూశాం. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదింటికి గానీ ఆ వేడిని వదలడం మొదలుపెట్టదు. వదిలేది ఎక్కడికి? మన మంచాల మీదికే.

కూలర్ పెట్టుకోవచ్చుగా అంటారు మా ఒంగోలు చుట్టాలు. కూలరుకి నీళ్ళో? బిందెలకు బిందెలు తాగేస్తుందది. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో తాగడానికి పట్టుకున్న నీళ్ళు దానికి పోస్తామా? బోరునీళ్ళు పోస్తే నెల తిరక్కుండా గడ్డి మీద సున్నంలాగా తెల్లగా పేరుకుపోతుంది. కాబట్టి ఏసీ అంటే డబ్బున్నవాళ్ళ సోకు అనే మాట మా వైపు ఇప్పుడు చెల్లదు.

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం మా అత్తయ్య వంటింటి గడప దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆవిడకి 78 ఏళ్ళు. ఒంట్లో నీరు తగ్గిందన్నారు డాక్టరు గారు. సెలైను పెట్టి, "ఈ నెల్లాళ్ళూ చల్లటి గదిలో ఉంచండమ్మా" అని పంపించారు. ఆ సాయంత్రమే వెళ్ళి ఒకటిన్నర టన్ను ఏసీ వాయిదాల మీద తెచ్చుకున్నాం.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఫోనులో అడిగింది, "పర్మిషన్ తీసుకున్నారా అక్కా?" అని. అక్కడ చాలా ఊళ్ళల్లో ఇంటికి చల్లదనం మిషనైనా, వెచ్చదనం మిషనైనా బిగించాలంటే ముందు ఊరి ఆఫీసులో పర్మిట్ తీసుకోవాలట. లైసెన్సున్నవాళ్ళే బిగించాలట. ఆనక ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరేనంటేనే పని అయినట్టట. నాకు నవ్వొచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని షాపులో అడిగాను. "పర్మిషనేందక్కా! ప్లగ్గు పెట్టుకోను, స్విచ్చేసుకోను" అన్నాడతను.

స్విచ్చేసుకున్నాం. రెండు రాత్రులు అత్తయ్య పసిపిల్లలా నిద్రపోయింది. మూడోనాడు రాత్రి పదకొండున్నరకి ఠప్పున శబ్దం, వీధి వీధంతా చీకటి. పక్కింట్లో పురిటికొచ్చిన అమ్మాయి, పది రోజుల పసిగుడ్డు. వాళ్ళమ్మ అరుగు మీద కూర్చుని ఒంటిగంట దాకా విసనకర్ర విసురుతూనే ఉంది. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు వేసి, "ఈ లైన్లో కొత్తగా ఏసీలు ఎవరు పెట్టారమ్మా?" అని అడిగాడు. నేను పలకలేదు. మర్నాడు రాత్రీ అదే ఠప్పు, అదే చీకటి, అదే పసిబిడ్డ ఏడుపు. ఇక ఊరుకోలేక గేటు దగ్గరికి వెళ్ళి, "మేం పెట్టాం బాబూ" అన్నాను. నా ఒక్కదానిదే కాదు లెండి. తర్వాత లెక్క తీస్తే మా వీధిలో ఆ వేసవికే ఐదు ఏసీలు దిగాయి.

"మీ బిల్లు తియ్యండి" అన్నాడా లైన్‌మన్. టార్చి వేసి చూపించాడు. లోడు ఒక కిలోవాటు! "కాగితంలో ఒకటి, మీరు వాడేది మూడు. ట్రాన్స్‌ఫార్మరు పెట్టేది కాగితంలో లెక్క చూసేగా. ఇట్టా పదిళ్ళు చేస్తే అది ఎట్టా తట్టుకుంటది?"

ఇన్నేళ్ళుగా బిల్లు కడుతున్నాను. ఎన్ని రూపాయలొచ్చిందా అని చూడ్డమే గానీ ఆ అంకె మీద ఒక్కనాడూ నా కన్ను పడలేదు. మీరూ ఒకసారి తీసి చూడండి. పాత సర్వీసులకి చాలావాటికి అరకిలోవాటో, ఒకటో ఉంటుంది. ఇల్లు కట్టిన రోజుల్లో రెండు బల్బులూ, ఒక ఫ్యానూ చూసి రాసిన లెక్క అది. ఇప్పుడో? ఫ్యాను 75 వాట్లు. ఫ్రిజ్ ఒక 200. మిక్సీ 500 పైనే. ఇస్త్రీ పెట్టె 1000. నీళ్ళ మోటారు ఒక హార్స్‌పవర్‌దైతే 746. గీజరు 2000. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 1500. అన్నీ ఒక్కసారే వెయ్యం నిజమే, కానీ ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు ఎప్పుడు ఎంత ఎక్కువ లాగామో గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని చూసి నోటీసు ఇస్తారు, గడువు లోపల కట్టమంటారు.

అంటే మన దగ్గర ఏసీ అనుమతి ఉండేది మున్సిపల్ ఆఫీసులో కాదు, కరెంటాఫీసులో. పేరు పర్మిషన్ కాదు, అదనపు లోడు.

సరే, కట్టేద్దాం అని బిల్లు పట్టుకుని వెళ్ళాను. అక్కడ తేలింది అసలు సంగతి. సర్వీసు మా మామయ్యగారి పేరున ఉంది. ఆయన పోయి పదకొండేళ్ళు! పోయిన మనిషి దరఖాస్తు ఎలా పెడతాడు? ముందు పేరు మార్చుకుని రమ్మన్నారు. మన ఇళ్ళల్లో ఇదొక అలవాటు చూడండి. మనిషి పోతే పొలం గురించి పట్టించుకుంటాం, బ్యాంకు గురించి పట్టించుకుంటాం, కరెంటు సర్వీసు మాత్రం ఆయన పేరునే వెలుగుతూ ఉంటుంది. మా ఆడపడుచు ఇంట్లోనూ అంతే, గిద్దలూరులో. వాళ్ళది ఇంకా వాళ్ళ తాతగారి పేరున ఉంది.

పేరు మార్పుకి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఇంటిపన్ను రసీదు, ఆధారు, మిగతా వారసులకి అభ్యంతరం లేదని కాగితం పట్టుకెళ్ళాను. ఎవరి పేరున మార్చాలని ఇంట్లో కాసేపు చర్చ. మా వారు తన పేరే అనుకున్నారు. నేనే అత్తయ్య పేరు అన్నాను. ఇల్లు ఆవిడదీ, ఏసీ కొన్నదీ ఆవిడ కోసమే కదా. మా మరిది, ఆడపడుచు ఆ మాటకే సంతోషంగా సంతకాలు చేశారు. మొత్తం నాలుగుసార్లు తిరిగాను. అందులో మూడుసార్లు తప్పు నాదే. ఒకసారి పన్ను రసీదు పాతది, ఇంకోసారి ఆధారులో ఇంటిపేరు ఒక అక్షరం తేడా, ఇంకోసారి అత్తయ్య సంతకమే మర్చిపోయాను!

పేరు మారాక లోడు పెంచుకోవడం పెద్ద పనేం కాలేదు. ఒకటి నుంచి మూడు కిలోవాట్లకి దరఖాస్తు. పెరిగిన కిలోవాట్లకి డెవలప్‌మెంట్ ఛార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాం. ఐదు కిలోవాట్ల దాకా సింగిల్ ఫేజే సరిపోతుంది. దాటితే త్రీ ఫేజు, మీటరు కూడా మారుతుంది. రెండు ఏసీలు, గీజరు అనుకునేవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. లోడు పెంచితే నెలనెలా బాదుతారని ఒకావిడ నన్ను భయపెట్టింది. 2022-23 టారిఫ్ ప్రకారం స్థిర ఛార్జీ కిలోవాటుకి నెలకి పది రూపాయలు. మాకు పెరిగింది ఇరవై. ఇరవై రూపాయలకి భయపడి వీధంతటినీ చీకట్లో పెట్టామా అనిపించింది. మేం కట్టిన మరుసటేడు, 2025 వేసవిలో, స్వచ్ఛందంగా లోడు చెప్పుకున్నవాళ్ళకి డెవలప్‌మెంట్ ఛార్జీలో సగం రాయితీ ఇచ్చారు. మా అదృష్టం అలా ఏడ్చింది!

బాదేది లోడు కాదు, యూనిట్లు. మాకు ఏసీ లేని నెల 120 యూనిట్లు వచ్చేది. అదే టారిఫ్‌లో ఆ యూనిట్ల ఖరీదు 394 రూపాయల 50 పైసలు. ఏసీకి రోజుకి ఎనిమిది యూనిట్ల చొప్పున నెలకి 240 కలిపితే 360. దాని ఖరీదు దాదాపు 2,198 రూపాయలు. యూనిట్లు మూడింతలు, డబ్బు ఐదున్నర రెట్లు! అందులో 225 దాటిన ప్రతి యూనిట్టూ 8 రూపాయల 75 పైసలు మరి. సుంకం, సర్దుబాటు ఛార్జీలు ఇవి కాక. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ వెయ్యగానే 24 డిగ్రీల మీద నిలిచేలా వస్తున్నాయి. దాన్ని 18కి దించే పిల్లల చేతికి రిమోట్ ఇవ్వకండి.

ఇక వైరింగు. షాపతను చెప్పినట్టు మేం ఏసీని మామూలు ప్లగ్గుకే తగిలించాం. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ప్లగ్గు విప్పి చూపించాడు. లోపల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడి ఉంది. నా గుండె ఝల్లుమంది. ఆ గదిలో పడుకునేది లేచి పరిగెత్తలేని మనిషి. మీటరు నుంచి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి, దానికో ఎంసీబీ, 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించాం. ఎర్తు గుంత సంగతీ అతనే చెప్పాడు. మా ఊళ్ళది రాతినేల, వేసవిలో ఎండిపోయి ఎర్తు పనిచెయ్యదట. ఉప్పూ బొగ్గూ వేయించి, వారానికో బిందె నీళ్ళు పొయ్యమన్నాడు. వాడేసిన నీళ్ళే పోస్తున్నాం.

బయటి మిషను సందువైపు గోడకి పెట్టించాం మొదట. మనిషి తల తగిలే ఎత్తులో! పైగా దాని వేడిగాలి సరిగ్గా పురిటి గది కిటికీలోకే. వీధి మీదికి ఏదీ పొడుచుకు రాకూడదని మున్సిపల్ నిబంధన ఎలాగూ ఉంది. పక్కింటావిడ అడగడానికి మొహమాటపడుతుంటే నేనే మేడ మీదికి మార్పించాను. రాగి గొట్టం పొడుగు పెరిగి ఖర్చయిందనుకోండి. ఆవిడ మాత్రం బారసాలకి మొదటి పిలుపు మాకే పిలిచింది.

ఆ బారసాల నాడే ఆడవాళ్ళం ఐదిళ్ళవాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నాం. మిగతా నలుగురివీ బిల్లులు తీయించాను. రెండు పోయినవాళ్ళ పేర్ల మీదే ఉన్నాయి! అందరూ లోడు కట్టాక ఆ రసీదులన్నీ జతచేసి ట్రాన్స్‌ఫార్మరు మార్చమని అర్జీ పెట్టాం. మాట వినిపించుకోవడానికి ఆ రసీదులే ఆధారం అయ్యాయి. మరుసటి వేసవి లోపల పెద్దది వచ్చింది.

కొత్త బిల్లు వచ్చిన రోజు అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని తన పేరు కూడబలుక్కుని చదువుకుంది. రెండోసారి మళ్ళీ చదివింది. "పట్టాలో లేదు, పాసుపుస్తకంలో లేదు, కరెంటు బిల్లులో ఎక్కిందే!" అని దాన్ని మడిచి తన ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. కట్టడానికి ఇవ్వమని నేను రెండు రోజులు బతిమాలుకోవాల్సి వచ్చింది.