తొమ్మిది మంది కుటుంబం, ఒక పాత అంబాసిడర్

మా చెల్లెలి పెద్ద కుమారుడు పద్నాలుగేళ్లు కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరుగా పనిచేసి, నిరుడు రాయచోటికి తిరిగి వచ్చాడు. వచ్చిన నెల తిరగకముందే నా వద్దకు వచ్చి కూర్చుని, "మామూ, పాత అంబాసిడర్ ఒకటి కొందామనుకుంటున్నాను. కడపలో బండి చూశాను. మీరొకసారి వచ్చి చూడండి" అన్నాడు. చిన్నతనంలో సెలవు రోజులన్నీ నేను మా అన్నగారి మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తూ గడిపానని అతనికి తెలుసు. ఆ కాలంలో ఆ షెడ్డుకు వచ్చే కార్లలో ముప్పాతిక వంతు అంబాసిడర్లే.

"మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగాను. సమాధానం నాకు తెలియక కాదు. అతని తల్లిదండ్రులు, దాదీ, భార్యాభర్తలు, నలుగురు పిల్లలు, వెరసి తొమ్మిది మంది. అంబాసిడర్‌లో ఎంతమంది పడతారన్నది నా రెండవ ప్రశ్న. అతను నవ్వి, "దాదా కాలంలో పదిమంది ఎక్కేవారు కదా మామూ" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. అతని తాతగారు రాయచోటి, కడపల మధ్య అంబాసిడర్ ట్యాక్సీ నడిపిన మనిషి. వెనుక ఐదుగురు, ముందు నలుగురు కూర్చుంటే, తలుపు వైపు ఒరిగి స్టీరింగు పట్టుకొని ఆయన బండి నడపడం నేను కళ్లారా చూశాను. బడి మాన్పించి మరీ పిల్లలను పెళ్లిళ్లకు అలాగే తీసుకువెళ్లేవారు. ఆ ప్రయాణాలు క్షేమంగా ముగిసినందువల్ల మనకు జ్ఞాపకాలుగా మిగిలాయి. ముగియనివి కూడా ఆ రోడ్డు మీద ఉన్నాయి; వాటిని గుర్తు చేసుకొని మురిసేవారు ఎవరూ లేరు.

అంబాసిడర్ మీద మన పెద్దలకు గల మమకారం ఊరకే కలిగినది కాదు. బ్రిటన్‌లో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారం చేసుకొని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీనిని తయారు చేసింది. 1957 నుండి 2014 వరకు, అర్ధ శతాబ్దానికి పైగా, రూపం పెద్దగా మారకుండా వచ్చిన కారు అది. దాని విశాలత వెడల్పులో లేదు. బయటి వెడల్పు దాదాపు ఐదున్నర అడుగులే. నేటి పెద్ద కార్లు అంతకంటే వెడల్పైనవి. అసలు సుఖం ఎత్తులో ఉంది. పైకప్పు గుమ్మటంలా లేచి ఉంటుంది, సీటు కుర్చీలా ఎత్తుగా ఉంటుంది, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది. మోకాళ్ల నొప్పి గల వృద్ధురాలు నడుము వంచకుండా కూర్చోగలదు, ఎవరూ చేయి అందించకుండానే దిగగలదు. తలపాగా గల పెద్దమనిషి తల వంచనక్కర లేదు. బురఖా కుచ్చెళ్లు తలుపులో చిక్కుకోకుండా సర్దుకొనేందుకు చోటు ఉంటుంది. నేటి కార్ల రూపకర్తలు ఈ సంగతులు ఎందుకు మరిచారో నాకు అర్థం కాదు.

అన్ని అంబాసిడర్లు ఒకటి కావు. పాత మార్క్ బండ్లలో ముందు సీటు బల్లలా ఒకే ముక్కగా ఉండి, గేరు స్టీరింగు పక్కన ఉంటుంది. కాబట్టి ముందు ముగ్గురికి కాళ్లు చాపుకొనే జాగా దొరుకుతుంది. వాటి పెట్రోలు ఇంజను 1489 సీసీ. మెల్లగా లాగుతుంది, సులభంగా బాగుపడుతుంది. 1990వ దశకం ఆరంభంలో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్ రకంలో ఇసుజు సంస్థ రూపొందించిన 1817 సీసీ ఇంజను, ఐదు గేర్లు ఉన్నాయి. ఎత్తు రోడ్డు మీద దానికి ఆయాసం తక్కువ. అయితే దానిలో గేరు నేల మీదికి వచ్చింది, ముందు సీట్లు రెండుగా విడిపోయాయి. పెద్ద కుటుంబం కోసమని మంచి ఇంజను ఎంచుకుంటే ముందు ఒక మనిషి తగ్గుతాడు. ఈ చిక్కు కొనేముందు చాలామందికి తోచదు. ఏ రకమైనా సరే, ఆర్సీలో వ్రాసి ఉన్న సీట్ల సంఖ్యే చట్టానికీ బీమాకూ లెక్క. మన సర్దుబాటు కాదు.

సరే, కడప వెళ్లి బండి చూశాము. తెల్లని రంగు, అద్దంలా మెరుస్తోంది. మా మేనల్లుడి ముఖం అంతకంటే మెరుస్తోంది. నేను జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపుల కింద, చక్రాల గూళ్ల అంచుల వెంబడి ఆనించుకుంటూ వెళ్లాను. నాలుగైదు చోట్ల అది అంటుకోలేదు. అక్కడ ఇనుము లేదు. పుట్టీ నింపి, పైన రంగు వేశారు. డిక్కీలో పరచిన చాప ఎత్తితే నేల చిల్లులలోంచి రోడ్డు కనిపించింది. అమ్మే మనిషి, "పాత బండి కదా హజ్రత్, కొంచెం తుప్పు ఉంటుంది" అన్నాడు. తుప్పు ఉండటం తప్పు కాదు, దానిని రంగుతో కప్పి చెప్పకుండా ఉండటం నాకు కష్టమనిపించింది. ఆ మాట అతనితో అన్నాను కూడా.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అంబాసిడర్‌కు లారీలా, జీపులా విడిగా చాసిస్ లేదు. శరీరమే దాని అస్థిపంజరం. వెనుక కమాను కట్టలు బిగించే చోటు, తలుపుల కింది పెట్టె భాగం, నేల రేకు తుప్పు తింటే కారు బలమే పోతుంది. ఇంజను పాడైతే డబ్బుతో బాగవుతుంది. ఈ భాగాలు పాడైతే మంచి వెల్డరు చేతికి పడాలి, అది నెలల పని. కనుక ఇంజను చప్పుడు వినేముందు బండిని పైకెత్తించి అడుగు చూడండి.

బ్రేకుల విషయం మరొకటి. పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. సాదా రోడ్డులో ఫరవాలేదు. కడప నుండి రాయచోటికి వెళ్లాలంటే గువ్వలచెరువు ఘాట్ దాటాలి. నిండా జనంతో దిగేటప్పుడు పదేపదే బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. తక్కువ గేరులో దిగడం వచ్చిన డ్రైవరు కావాలి. మా మేనల్లుడికి వచ్చు. అయినా ఎయిర్ బ్యాగులు లేవు, వెనుక బెల్టులు లేవు, గుద్దుకుంటే స్టీరింగు కడ్డీ నేరుగా రొమ్ముకు వస్తుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే 2019 నాటి చట్ట సవరణ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. వెయ్యి రూపాయలు ఎవరైనా కడతారు. నేను జరిమానా గురించి ఆలోచించడం లేదు.

ఇంధనం గురించి రెండు మాటలు. నేడు బంకులలో దొరికే పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులను, వాషర్లను అది తినివేస్తుంది. అవన్నీ మార్పించి, నెలకొకసారి బానెట్ ఎత్తి వాసన చూడాలి. ఖర్చు తగ్గుతుందని ఇంటి గ్యాసు సిలిండరు డిక్కీలో పెట్టించేవారు ఇంకా ఉన్నారు. అది నేరం, అంతకు మించి ప్రాణాంతకం. ఆమోదం పొందిన కిట్ అయినా డిక్కీ సగం మింగుతుంది, తొమ్మిది మంది సామాను ఎక్కడ పెడతారు?

కాగితాలు కూడా పాత బండికి బరువే. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి ఐదు వేలు; ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో పదివేలకు పెంచారు. యాభై ఏళ్లు నిండిన కార్లకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ నమోదు ఉంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ ఆ నమోదుతో రోజువారీ తిరగడానికి వీలు లేదు. కుటుంబ వాహనానికి అది పనికిరాదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో మా మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కువైట్ సంగతి చెప్పాడు. అక్కడి యజమాని ఇంట్లో షెవర్లే సబర్బన్ ఉండేదట, ఎనిమిది మంది ఎక్కినా ఇరుకు తెలియదట. 1935 నుండి వస్తున్న పేరు అది. "ఎవరి పిల్లలనో అంత సుఖంగా తిప్పాను మామూ, మా వాళ్లను ఆటోలో తిప్పుతున్నాను" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, అతను వెతుకుతున్నది కేవలం కారు కాదని. దాదీ కోరిక కూడా ఉంది. ఆమె నోరు తెరిచి అడగలేదు, కానీ ఊళ్లో ఎక్కడ అంబాసిడర్ ఆగి ఉన్నా దాని బానెట్ మీద చేయి వేసి నిలబడుతుందట.

ఐదుగురి కుటుంబమైతే, తుప్పు లేని ఐఎస్‌జెడ్ చూసుకొని కొనమని నేనే చెప్పేవాణ్ణి. తొమ్మిది మందికి వేరే లెక్క. 1994లో వచ్చిన టాటా సుమో, 2000 నుండి 2005 వరకు వచ్చిన టయోటా క్వాలిస్, ఈ రెండూ ఇప్పుడు పాత బండ్ల లెక్కలోకి వచ్చాయి. రెండింటికీ విడి చాసిస్ ఉంది, మెకానిక్కులు ప్రతి మండలంలో దొరుకుతారు. క్వాలిస్ ఇండోనేషియాలో కిజాంగ్ పేరుతో పుట్టిన కుటుంబ వాహనం. దాని 2446 సీసీ డీజిల్ ఇంజను తొందరపడదు, అలసిపోదు. అయితే వెనుక ఎదురెదురు బల్లలు గల రకాలలో అక్కడ కూర్చునేవారికి రక్షణ తక్కువ. పిల్లలకు అక్కడే ఆట, తల్లిదండ్రులు అక్కడికే పంపిస్తారు. నేను దానికి ఒప్పుకోను.

మూడు నెలలు వెతికి, ఆర్సీలో పదిమంది అని ఉన్న క్వాలిస్ కొన్నారు. వడ్డీ అప్పు లేకుండా, కువైట్ పొదుపుతో. నడి సీటులో చిన్నపిల్లలు ముగ్గురికీ బెల్టులు బిగించారు. వెనుక బల్లల మీద పెద్దవాళ్లు ముగ్గురు, పదిహేనేళ్ల పెద్దపిల్ల. దాదీ స్థానం ముందు సీటు. తీరా ఇంటి ముందు బండి నిలిపాక, ఆమె కాలు అంత ఎత్తుకు లేవలేదు. ఎవరి కోసం ఇంత వెతికామో ఆమే ఎక్కలేకపోయింది. అంబాసిడర్ అయితే అవలీలగా కూర్చునేది. మా మేనల్లుడు అక్కడే తలపట్టుకొని కూర్చున్నాడు. మరునాడు షెడ్డులో తలుపు కింద చాసిస్‌కు ఒక వెడల్పాటి మెట్టు వెల్డింగు చేయించి, పక్కన పట్టుకునే కడ్డీ పెట్టించాము. ఖర్చు రెండు వేలు దాటలేదు.

ఆ శుక్రవారం కడపకు బయలుదేరారు. నేను కూడా ఎక్కాను, పదవ మనిషిగా. దాదీ మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకొని, మెల్లగా కూర్చుంది. కాసేపు స్టీరింగు వైపు చూసి, "గేరు ఇక్కడ లేదేంరా బేటా?" అని అడిగింది. కింద ఉందని మనవడు చూపించాడు. "మీ దాదాకు ఇది నచ్చేది కాదు" అని, కిటికీ అద్దం దించుకొని, గువ్వలచెరువులో పాలకోవ దగ్గర ఆపమంది.