కారణము చెప్పవలదా?

విదేశయాత్ర యొకప్పుడు సంపన్నుల వేడుక. నేడట్లు కాదు. కృష్ణా, గుంటూరు, కరీంనగరము జిల్లాలలో బిడ్డ యొక్కరైనను సముద్రము దాటని గ్రామము లరుదు. కూతురి పురుటికి తల్లి పోవలెను. కుమారుని పట్టప్రదానము చూడ తండ్రి పోవలెను. ఈ యక్కఱలన్నిటికిని వాకిట నిలుచునది వీసా.

హైదరాబాదులో అమెరికా కాన్సలేటు 2008లో వెలసినది. అచ్చట వేచియుండువారి యనుభవము మన పాఠకులలో పెక్కురకు స్వానుభవమే. పొలము దస్తావేజులు, బ్యాంకు పత్రములు, మనుమని ఛాయాచిత్రములు సంచిలో భద్రపఱచుకొని వత్తురు. కిటికీ కడ కొన్ని నిమిషముల ప్రశ్నలు. పిమ్మట చేతికొక కాగితము. పలువుర సంచులు విప్పబడనే విప్పబడవు.

ఆ కాగితముపై కానవచ్చునది 1952 నాటి అమెరికా వలసచట్టములోని 214(బి) విభాగము. సందర్శకుడనని వచ్చినవానిని, అట్లు కాదని తాను రుజువు చేసికొనువఱకు, స్థిరనివాసము కోరి వచ్చినవానిగానే యెంచవలెనని దాని తాత్పర్యము. దొంగతనము మోపబడినవానిని సైతము నేరము రుజువగువఱకు న్యాయస్థానము నిర్దోషిగా నెంచును. ఇచ్చట నే నేరమునెఱుగని వృద్ధమాత, తాను తిరిగి యిల్లు చేరుదునని రుజువు చూపవలసియున్నది! అధికారికి తన విషయమున కలిగిన సందేహమెట్టిదో ఆ కాగితము చెప్పదు. అప్పీలు లేదు. కాన్సలరు నిర్ణయములలో న్యాయస్థానములు సాధారణముగా జోక్యము చేసికొనరాదను సూత్రమును 2024లో అమెరికా సుప్రీంకోర్టు మరల బలపఱచినది. 2023లో 160 డాలర్లనుండి 185 డాలర్లకు పెరిగిన దరఖాస్తు రుసుము, వీసా రాకున్నను, తిరిగి రాదు.

తన యింటికి తలుపు పెట్టుకొను హక్కు ప్రతి దేశమునకును గలదు. దానిని మేము కాదనము. సందర్శకులుగా పోయి గడువు మీఱి నిలిచిపోయినవారును, దళారుల మాట నమ్మి కల్పితపత్రములు సమర్పించినవారును మనలో లేకపోలేదు. కాని కారణము చెప్పుచు తలుపు కాపాడుకొనుట సాధ్యము కాదనుట సరికాదు. ఐరోపాలోని షెంగెను దేశములు 2009 నాటి వీసా నియమావళి ననుసరించి, నిరాకరించినపుడు కారణమును నిర్ణీతపత్రముపై తెలుపుచున్నవి. అప్పీలు హక్కు నిచ్చుచున్నవి. 2024లో 90 యూరోలకు హెచ్చిన రుసుము అచ్చటను తిరిగి రాదు. అయినను లోపమెచ్చటనో తెలిసికొని దిద్దుకొను త్రోవ యాత్రికునకు మిగిలియున్నది.

అసలు కారణమును నియమముల మాటున దాచుట యెంత దూరము పోవునో చరిత్ర చెప్పుచున్నది. స్వదేశమునుండి మార్గమధ్యమున ఆగక నేరుగా వచ్చినవారే ప్రవేశార్హులని 1908లో కెనడా నియమము చేసినది. అందు భారతీయుల పేరు లేదు; భారతదేశమునుండి అట్లు పోవు ఓడ సౌకర్యమును లేకుండెను. 1914లో 376 మంది ప్రయాణికులతో వాంకూవరు చేరిన కొమగాటమారు ఓడ రెండు నెలలు రేవులో నిలిచినది. ఏ కొలదిమందియో తప్ప తక్కినవారు నేల త్రొక్కకయే వెనుకకు మరలింపబడిరి. దానికి కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2016లో, అనగా నూటరెండేండ్లకు!

ఇక మన యింటి సంగతి. విదేశయానము వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని 1967లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ యేటనే వెలసిన పాసుపోర్టు చట్టము, దేశభద్రతాది కొన్ని సందర్భములు దక్క, నిరాకరణకు కారణము వ్రాసి, కోరినవారికి దాని ప్రతి నీయవలెనని విధించినది, అప్పీలునకును చోటిచ్చినది. అయితే మన ఈ-వీసాకై విదేశీయుడు చెల్లించు రుసుమును, అనుమతి రాకున్నను, మనమును తిరిగి యీయము. పరుల తప్పెన్నుటకు ముందు దీనిని సవరించుకొనుట యుచితము.

పిమ్మట మన ప్రభుత్వము ఇతర దేశములతో జరుపు సంప్రదింపులయందు రెండు కోర్కెలను నిలుపవలెనని మా యభిప్రాయము: నిరాకరణకు వ్రాతపూర్వకముగ కారణము, మరియొక యధికారిచే ఒక్కసారి పునర్విచారణ. యాత్రికులును దళారులను విడిచి, ఉన్న నిజమునే దరఖాస్తులో వ్రాయవలెను. సత్యము పలికి వచ్చినవానిని వాకిటనుండి మరలించునపుడు ఒక్క మాట చెప్పి పంపుట, ఏ నాగరిక రాజ్యమునకైనను, తలకు మించిన భారము కాజాలదు.