మా అమ్మ చదివిన సెక్రటరీ, నేను చూసిన సెక్రటరీ

సంక్రాంతి సెలవులకి మా హుకుంపేట వెళ్ళాను. బయట మంచు, లోపల టీవీలో 'అ ఆ'. ఆ సినిమా నేను ఆరేడుసార్లు చూసుంటాను, డైలాగులు కూడా వచ్చేస్తాయి. అమ్మ మిరియాలు ఎండబెట్టిన చేట పక్కన పెట్టి పది నిమిషాలు చూసింది. "ఏటే, ఇది మా మీనా కథ కదా!" అంది.

మీనా ఎవరని అడిగాను. ట్రంకుపెట్టె తీసి అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి నా ఒళ్ళో పడేసింది. యద్దనపూడి సులోచనారాణి 'మీనా'. దాని కింద అదే రచయిత్రి 'సెక్రటరీ'. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవగలను కానీ ఒక పేజీకి ఐదు నిమిషాలు పడుతుంది. "సినిమా ఉంది కదమ్మా, అది చూసేస్తే సరిపోదా?" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. పుస్తకం తిరిగి పెట్టెలో పెట్టబోయింది. ఆ పెట్టబోయిన తీరు నాకు నచ్చలేదు. రెండు పుస్తకాలూ హాస్టల్‌కి తెచ్చుకున్నాను. నవల సినిమా అయ్యేటప్పుడు అసలేం జరుగుతుందో నాకు అప్పుడు అర్థమైంది. అదే ఇక్కడ చెప్తాను.

ముందు కొంచెం చరిత్ర. 1953లో వచ్చిన మన 'దేవదాసు' 1917లో అచ్చయిన శరత్ బెంగాలీ నవల. 1964లో కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నవలతో 'డాక్టర్ చక్రవర్తి' వచ్చింది. 1971లో ఆమెదే 'ప్రేమనగర్'. అది ఎంత ఆడిందంటే అదే దర్శకుడు కె.ఎస్.ప్రకాశరావు దాన్ని తమిళంలో 'వసంత మాళిగై'గా, హిందీలో 'ప్రేమ్ నగర్'గా మళ్ళీ తీశారు. 1973లో యద్దనపూడి నవలలతో 'మీనా', 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ'. 80లలో యండమూరి నవలలతో చిరంజీవి 'అభిలాష', 'ఛాలెంజ్'. అప్పట్లో ఈ నవలలు పత్రికల్లో సీరియల్‌గా వచ్చేవి. వారం వారం ఎదురుచూసిన పాఠకులు ఉన్నారంటే, నిర్మాతకి టికెట్లు కొనేవాళ్ళు ముందే ఉన్నట్టే. ఇప్పుడు వెబ్ సిరీస్ ట్రెండ్ చూసి సీక్వెల్ తీసినట్టు.

ఇక అసలు విషయం. మనం సీఎస్ వాళ్ళం కాబట్టి మన భాషలోనే చెప్తాను. ఫైల్‌ని జిప్ చేస్తే తిరిగి తెరిచినప్పుడు ఒక్క బిట్ కూడా పోదు. ఫోటోని జేపెగ్ చేస్తే మాత్రం కొంత సమాచారం శాశ్వతంగా పోతుంది. కంటికి తెలియదులే అనుకున్నదాన్ని ఆల్గారిథమ్ తీసేస్తుంది. నవలని సినిమా చేయడం జిప్ కాదు, జేపెగ్. స్క్రీన్‌ప్లేలో పేజీకి సుమారు నిమిషం అని ఒక లెక్క ఉంది. రెండున్నర గంటలంటే నూటయాభై పేజీలు, అందులోనే పాటలు, ఫైట్లు, కామెడీ. ఏదో ఒకటి పోవాల్సిందే. ఏది పోవాలో ఎవరు నిర్ణయిస్తారన్నదే ప్రశ్న.

నేను గమనించినంతలో మొదట పోయేది మనసులో మాట. 'సెక్రటరీ' నవలలో మనం ఎక్కువసేపు జయంతి తలలోనే ఉంటాం. రాజశేఖరం ఒక్క మాట అంటే ఆమె దాన్ని పది రకాలుగా ఆలోచిస్తుంది. కెమెరా తల లోపలికి వెళ్ళలేదు. అందుకే సినిమావాళ్ళు మూడు దారులు పట్టుకుంటారు. స్నేహితురాలిని పెట్టి ఆమెతో చెప్పించడం, వెనక నుంచి గొంతు వినిపించడం, పాట పెట్టడం. మన సినిమాల్లో పాట ఊరికే రాదు. నవలలో నాలుగు పేజీల తర్జనభర్జన చాలాసార్లు నాలుగు నిమిషాల పాటగా మారుతుంది. (మా అరకు కొండలు మీకు ఎక్కువగా పాటల్లోనే కనిపించడానికి కారణం కూడా ఇదే అని నా థియరీ!)

రెండోది ముఖం. నవలలో రాజశేఖరం ముఖం ఎవరికి వాళ్ళు గీసుకుంటారు. సినిమాలో అక్కినేని నాగేశ్వరరావు, అప్పటికి ఆయనకి 51 ఏళ్ళు. నటన గురించి కాదు నేను అనేది. అంత పెద్ద స్టార్ తెర మీదికి రాగానే కథ ఆయన వైపు ఒరుగుతుంది. జయంతి కళ్ళతో అతన్ని చూడాల్సిన మనం, అతని పక్కన జయంతిని చూడటం మొదలుపెడతాం.

ఈ సమస్యని తెలివిగా దాటిన సినిమా ఒకటుంది. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'లో చెస్ ఆటగాడు రేవంత్‌కి ఒక అమ్మాయి ఫోన్ చేస్తూ, తనెవరో కనుక్కోమని పజిల్స్ ఇస్తుంది. చదివేవాళ్ళకి ఆమె గొంతే. దీన్ని కన్నడంలో 'బెళదింగళ బాలె'గా 1995లో సునీల్ కుమార్ దేశాయి తీశారు. అనంత్ నాగ్ హీరో. సినిమా మొత్తంలో ఆ అమ్మాయి ముఖం చూపించలేదు! నవలలో దేని వల్ల ఆ కథ బతికిందో దాన్ని మాత్రం జేపెగ్ చేయలేదన్నమాట.

మూడోది టైమ్. జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1995లో బీబీసీలో ఆరు ఎపిసోడ్లు, 2005లో రెండు గంటల సినిమా. రెండూ బావుంటాయి. కానీ ఎలిజబెత్ అభిప్రాయం నెమ్మదిగా మారడం సీరియల్లో నమ్మబుద్ధేస్తుంది, సినిమాలో కొంచెం తొందర అనిపిస్తుంది. ప్రేమకథలో ఎదురుచూపే సగం కథ. అది కట్ చేస్తే ఇద్దరు అందమైన మనుషులు మిగులుతారు, అంతే.

'అ ఆ' సంగతికి వస్తే, 2016లో విడుదలైనప్పుడు టైటిల్స్‌లో యద్దనపూడి పేరు లేదని విమర్శలు వచ్చాయి, తర్వాత చేర్చారు. తల్లి అదుపులో పెరిగిన పట్నం అమ్మాయి పల్లెలో బంధువుల ఇంటికి వెళ్ళి తనని తాను తెలుసుకోవడం, ఇదీ రెంటిలో ఉన్న వెన్నెముక. త్రివిక్రమ్ చమత్కారం నాకు ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే నవలలో మీనా భయం ఇంకా పెద్దది. నవ్వు వెనక అది దాక్కోదు.

అలాగని నవలలన్నీ గొప్పవని కూడా అనను. కారు, బంగళా, ఆరడుగుల హీరో నాకు విసుగొచ్చాయి. హీరో కోపాన్ని ప్రేమ కింద లెక్కేయడం అస్సలు నచ్చలేదు. ఫోన్ చేసి అమ్మతో అదే అన్నాను. "నువ్వు ఆ హీరోల కోసమే చదివావా? మన ఊరికి అలాంటి కారు ఒక్కటైనా వచ్చిందా?" అని నవ్వాను.

అమ్మ నవ్వలేదు. "నేను రాజశేఖరం కోసం చదవలేదే. జయంతికి ఉద్యోగం ఉంది కదా, అందుకు" అంది.

అప్పుడు చెప్పింది. పాడేరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేటప్పుడు ఆ పుస్తకం చేతులు మారి తన దగ్గరికొచ్చిందట. మా ఇంట్లో నాన్నమ్మ, అమ్మమ్మ మాట్లాడేది ఆదివాసీ ఒడియా. పుస్తకాల తెలుగు అమ్మకి కూడా నేర్చుకున్న భాషే. ఆ తెలుగులో ఒక అమ్మాయి ఆఫీసుకి వెళ్తుంది, జీతం తీసుకుంటుంది, నచ్చకపోతే ఎదురు మాట్లాడుతుంది. అది చదివి అమ్మ చోడవరంలో బంధువుల ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంది. లోయర్ పాసయ్యింది. హయ్యర్‌కి ఫీజు కట్టేలోపు పెళ్ళి కుదిరింది. సర్టిఫికెట్ ఇప్పటికీ ఆ ట్రంకుపెట్టెలోనే ఉందట. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ నాకు చెప్పలేదు. నేను కూడా ఎప్పుడూ అడగలేదు.

నేను మళ్ళీ సినిమా పెట్టుకుని చూశాను. ఉద్యోగం ఉంది, కానీ ప్రేమకథకి సెట్టింగ్‌లా ఉంది. అమ్మకి ఏది కథో, సినిమాకి అది బ్యాక్‌గ్రౌండ్. సినిమా తీసినవాళ్ళు తప్పు చేశారని కాదు. చదివే ప్రతివాళ్ళూ కూడా తమకి కావాల్సింది ఉంచుకుని మిగతాది వదిలేస్తారు. తేడా ఒక్కటే, నవలలో ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంటుంది. రేపు ఇంకొకరు వచ్చి ఇంకో ముక్క తీసుకోవచ్చు. సినిమాలో మనకంటే ముందే ఒకరు ఏరేసి ఉంటారు.

కాబట్టి నా సలహా. తెలుగు నెమ్మదిగా చదివే నాలాంటివాళ్ళు ముందు సినిమా చూడండి, కథ తెలిస్తే పేజీలు తొందరగా కదులుతాయి. 'వెన్నెల్లో ఆడపిల్ల'కి మాత్రం పుస్తకమే ముందు. చూశాక, చదివాక, మీ ఇంట్లో ఆ నవల చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే "నీకు అందులో ఏం నచ్చింది?" అని ఒక్కసారి అడగండి.

'సెక్రటరీ' నాకు ఇరవైరెండు రోజులు పట్టింది. ఇప్పుడు పేజీకి మూడు నిమిషాలు. వేసవి సెలవులకి వెళ్ళేటప్పుడు నా పాత లాప్‌టాప్ అమ్మకి తీసుకెళ్తున్నాను. కీబోర్డ్ మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో నేను నేర్పక్కర్లేదు.