ఇత్తడి జెట్టు

పాత బుల్లెట్టు మోటారుసైకిలు కొనువారు రంగు చూతురు, టైర్లు చూతురు. కార్బురేటరులోని ఇత్తడి జెట్టును విప్పి చూచువారు అరుదు. వ్రేలికొసపై నిలుచునంతటి వస్తువది. నడుమ సన్నని రంధ్రము. ఇంజనుకు పోవలసిన పెట్రోలును కొలిచి పంపునది ఆ రంధ్రమే.

ఆ కాలపు ఆమల్ కార్బురేటరులలో ప్రధాన జెట్టుపై ఒక అంకె ఉండును. నిర్ణీత పరీక్షలో నిమిషమునకు ఎన్ని ఘన సెంటీమీటర్లు పారునో అది చెప్పును. చేతులు మారిన బండిలో మాత్రము ఆ అంకెను నమ్మరాదు. ఏలయన, నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు రంధ్రమును మూయును; తొందరపాటువాడు ఉక్కుసూది దూర్చును. ఇత్తడి ఉక్కునకు లొంగును. 1 మిల్లీమీటరు రంధ్రము 1.1 అయినచో వ్యాసము పెరిగినది పదవ వంతే. కాని వైశాల్యము వ్యాసపు వర్గమును బట్టి మారును గనుక అది నూటికి 21 వంతులు పెరుగును! ప్లగ్గు మసిబారును, పెట్రోలు ఖర్చు పెరుగును. అంకె మాత్రము చెక్కుచెదరదు. ఈ తప్పు నేనును చేసితిని.

బిగుసుకొన్న జెట్టునకు రాత్రంతయు నూనె పట్టించి, వేడినీటితో కాచి త్రిప్పవలెను. కార్బురేటరు జింకు పోత గనుక మంట చూపరాదు.

క్రొత్త జెట్టు దొరికిన అదియే మేలు. దొరకనిచో, పాతదానిని కడిగి, ఆరబెట్టి, రంధ్రమును మాటుతో పూడ్చి, సన్నని బరమాను చేతితోనే త్రిప్పుచు ముందు చిన్నదిగా తొలువవలెను. పిదప అదే అంకెగల మంచి జెట్టుతో, ఒకే ఎత్తునుండి ఒక్క నిమిషము పెట్రోలు పారించి, గాజు కొలపాత్రలో పోల్చవలెను. తక్కువైనచో వెండ్రుకవాసి పెంచవచ్చును; ఎక్కువైనచో మరల మాటే. నాకు మూడుసార్లు మాటు వేయవలసి వచ్చినది.